కొన్ని కాదు, ముప్ఫై నాలుగు

నిన్న ఉదయం ఏడూ ఇరవైకి మా పక్కింటాయన తన పెరట్లోని నిమ్మచెట్టు లేతాకులన్నీ దూసి గోడ పక్కన కుప్ప పోశాడు. నేను అప్పుడే టీ గిన్నె దించి, కుళాయి ఇంకెంతసేపు వస్తుందో అని గడియారం వైపు చూస్తున్నాను, అందుకే టైము గుర్తుంది. కిటికీలోంచి వాసన వచ్చింది. ఒకటి రెండు ఆకులు నలిపితే వచ్చే వాసన కాదు, చాలా ఆకులు ఒక్కసారి తెగినప్పుడు వచ్చే ఘాటు. మలంచా రోడ్డు మీది ఆటోల పొగ కూడా దాన్ని కప్పలేదు. బయటికి వెళ్లి చూస్తే ఆకుల నిండా మెలికలు తిరిగిన వెండిరంగు గీతలు. "పోకా ధరేఛే దీదీ," అన్నాడాయన, పురుగు పట్టిందని. సాయంత్రం మందు కొడతానన్నాడు. నేను కుప్పలోంచి ఒక ఆకు తీసుకున్నాను. అందరూ అలాంటి ఆకును ముందు వెలుగుకు పట్టి చూస్తారు. నేను ముందు తిప్పి చూశాను. గీత కింది వైపు ఉంది.

ఆకును తిప్పి చూడడం నాకు సలోమి అప్ప దగ్గర వచ్చిన అలవాటు. దగ్గర అంటే ఆమె చెప్పగా నేర్చుకున్నానని కాదు. తిప్పకుండా ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పు ఆమెకు నష్టం చేసింది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమెను ఎరిగినవాళ్లు ఈ ఖరగ్‌పూర్‌లో కూడా ఇప్పుడు తక్కువ. ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా నాన్న నిమ్‌పురా షెడ్డులో ఫిట్టరు. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆ ఖాళీకి బదులుగా నాకు రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు పని ఇచ్చారు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ట్రేసరు అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసిన కాగితం మీద అద్దంలాంటి పల్చని ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనిపించే ప్రతి గీతనూ ఇంకుతో మళ్లీ గీయాలి. దాని మీంచి ప్రింట్లు తీసి వర్క్‌షాపులకు పంపుతారు. ఆ ప్రింటు చూసి అక్కడ ఇనుము కోస్తారు. ప్రతి షీటుకూ కుడివైపు కింద మూలన కొన్ని గళ్లుంటాయి. గీసింది ఎవరు, ట్రేస్ చేసింది ఎవరు, సరిచూసింది ఎవరు. డ్రాన్ బై, ట్రేస్డ్ బై, చెక్డ్ బై. ఆ గళ్లలో పొడి అక్షరాలు పడకపోతే షీటు గది దాటదు. మా గదిలో ట్రేసర్ల మీద పెద్ద సలోమి అప్ప. మేం గీసినవాటికి చెక్డ్ బై ఆమె.

మొదటి రోజు నన్ను తన బల్ల దగ్గర నిలబెట్టింది.

"పేరేటి?"

"రత్నకుమారి, మేడమ్."

"మేడమేటే. నానేటి ఇస్కూలు టీచర్నా? అప్పా అను. మీ అయ్య నాకు తెలుసు. మంచి మనిసి, మాటే పెళుసు. ఏదీ, సెయ్యి సూపించు."

చెయ్యి చాపాను. వేళ్లు తుడిచి చూసింది.

"సెమట పడతాది నీకు. పౌడరు రాసుకోని కూకో. గుడ్డకి తడి తగిల్తే ఇంకు పాకిపోతాది. ఇంకోటి. గుడ్డ పరిసి పిన్నులు కొట్టినాక పని అయ్యేదాకా షీటు తియ్యకూడదు, తిప్పకూడదు. ఒకసారి కదిపితే మళ్లీ అదే సోట కూకోదు. తెలిసినాదా?"

తెలిసింది. నేను ఆ మాటను అక్షరాలా పాటించాను. తరవాత జరిగినదానికి కారణం అదే.

మధ్యాహ్నం భోజనాల గంట అంటే నలభై నిమిషాలే. ఆమె తెచ్చుకున్న అన్నం పది నిమిషాల్లో తినేసి, చేతులు కడుక్కుని, ఉత్తరం వైపు కిటికీ దగ్గరికి వెళ్లేది. సంచిలోంచి ఒక ఆకు తీసి కిటికీ అద్దానికి నాలుగు మూలలా అంటించేది. దాని మీద చిన్న ట్రేసింగు కాగితం. పెన్ను తీసి ఆకు అంచు, ఈనెలు, ఆకులోని మెలికల గీత ఉన్నవి ఉన్నట్టు గీసేది. మా డ్రాఫ్ట్స్‌మన్ ఘోష్ దా రోజూ అటువైపు వచ్చి ఒకే ప్రశ్న వేసేవాడు. "ఆజ్ కా డ్రాయింగ్ నంబర్ క్యా హై, సలోమి దీ?" ఆమె తల తిప్పకుండానే, "ఏ నంబరైనా దాదా, మీ ప్రమోషన్ కన్నా బేగి అయిపోతాది," అని మా భాషలోనే అనేది. ఆయనకు ప్రమోషన్ అన్న మాట ఒక్కటీ అర్థమయ్యేది. అది చాలు, మూతి ముడుచుకుని వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు.

నెల రోజులు చూసి ఒకనాడు అడిగాను.

"ఇదేటప్పా?"

"ఇల్లు. ఆకుకి రెండు తోళ్లుంటాయి. పైదొకటి, కిందదొకటి. మజ్జిలో పచ్చటి కండ. గుడ్డులోంచి వొచ్చిన పురుగు ఆ మజ్జిలోకి దూరిపోయి తింటా నడుస్తాది. అది నడిసిన దారే ఈ గీత. ఇక్కడ సూడు, సన్నం. పోనుపోను లావు. తిని పెరిగినాది గదా."

"పెరిగి?"

"సిమ్మట అవుతాది. బియ్యపు నూకంత. నీ మొకం మీద వాలినా నీకు తెల్దు."

"మా తాతగారి ఊళ్లో దీన్ని పాముపొడ అంటారు. అన్ని మొక్కలకీ వస్తుంది."

"అన్నిటికీ వొచ్చేది ఒకటి కాదే గుంటా. నిమ్మ మీదది నేరేడు ముట్టదు. నేరేడుది కానుగ ముట్టదు. రేలకి రేలదే, కాంచనానికి కాంచనందే. ఒకే ఇంటిపేరోలు. పొయ్యిలు వేరు."

శాస్త్రంలో కూడా అంతే. ఆకు లోపల బతికే ఈ చిన్న చిమ్మటలు చాలావరకు ఒకే కుటుంబం కింద వస్తాయి. ఆ కుటుంబంలో ఎన్నెన్ని జాతులున్నాయో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా తేల్చలేదు. ఆమె చదివింది మెట్రిక్. ప్రేమ్ బజార్‌లో ఎవరో పరిశోధక విద్యార్థి పారేసిన జిరాక్సు కాగితాల కట్ట ఒకటి దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివింది. అందులో తన కిటికీ అద్దం మీది గీతలు కొన్ని ఉన్నాయి, చాలా లేవు. లేనివాటిని వెతుక్కుంటూ పోయింది. రైల్వే కాలనీలో, నిమ్‌పురా పాత క్వార్టర్ల వెనక చెట్ల వరసలో, చర్చి ప్రహరీ పొడుగునా. గీత ఉన్న ఆకును తెచ్చి హోమియో మాత్రల సీసాలో పెట్టేది. మూతికి గుడ్డ కట్టేది. ఆ గుడ్డ కూడా ట్రేసింగు గుడ్డే. పాడైన షీట్లను వేడినీళ్లలో నానబెట్టి గంజి పోగొడితే సన్నటి మెత్తటి బట్ట మిగులుతుంది. మా ఆఫీసులో అందరూ దానితో చేతిరుమాళ్లు కుట్టుకునేవాళ్లు. ఆమె చిమ్మటలకు కట్టింది. పది పన్నెండు రోజులకు చిమ్మట బయటికి వచ్చేది. ముందు కాళ్ల మీద లేచి, ఒళ్లు ఏటవాలుగా పెట్టి కూర్చునేది. భూతద్దంలో చూసి రెక్క మీది చారలు కూడా షీటులో గీసేది.

ఒక్కో రకానికి ఒక్కో షీటు. కింద మూలన మామూలు గళ్లే. చెట్టు, చోటు, తేదీ, ట్రేస్డ్ బై, చెక్డ్ బై. పైన పేరు రాయాల్సిన గడి చాలా షీట్లలో ఖాళీగా ఉండేది. అదేమిటని అడిగితే, "పేరు ఎవులో పెడతారు. అది వోల పని. ఉన్నాదని రాసీడం మన పని. పేరు నేపోతే మనిసి లేనట్టేటి?" అంది. ఆ మాటకు మా గదిలో ఒక అర్థం ఉంది. అక్కడ మమ్మల్నందర్నీ కలిపి మద్రాసీలు అనేవాళ్లు. శ్రీకాకుళం నుంచి మూడు తరాల కిందట వచ్చినవాళ్లనూ, నిన్న నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లనూ, తమిళులనూ. ఘోష్ దా ఒకసారి మీ మద్రాసీలంతా ఒకటే కదా అంటే, ఆమె నేరేడాకు ఒకటీ నిమ్మాకు ఒకటీ ఆయన బల్ల మీద పెట్టి, "దాదా, యే దోనో ఏక్ హై క్యా?" అని, రెండూ ఒకటేనా అని, అడిగి వచ్చేసింది. ఆయన సాయంత్రం దాకా ఆ ఆకులు తియ్యలేదు.

నేను చేరిన అయిదో ఏడు నిమ్‌పురా పాత క్వార్టర్లు తీసేస్తారని తెలిసింది. వాటి వెనక చెట్ల వరస కూడా పోతుంది. దుర్గాపూజ సెలవులు అయ్యాక పని మొదలు. అంతకు ముందు అక్కడున్న చెట్లూ పక్షులూ పురుగులూ అన్నిటికీ ఒక జాబితా రాయాలని బయటి కార్యాలయం ఒకటి ఒక నిపుణుణ్ని పంపింది. వానలు పడిన కొత్తలో వచ్చాడాయన. సలోమి అప్ప దగ్గర అప్పటికి ముప్ఫై ఒక్క షీట్లున్నాయి, అన్నీ ఆ చెట్ల వరసలోనూ దొరికినవే. ఆమె కోరింది ఒక్కటే. చెట్లను ఆపమని ఆమె ఎవరినీ అడగలేదు, ఆపలేమని తెలుసు. నరికేముందు అక్కడ ఏమేం ఉన్నాయో ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉండాలి. ముప్ఫై ఒకటి ఉంటే ముప్ఫై ఒకటి అని ఉండాలి.

ఆ షీట్లలో పదిహేడో నంబరు నేను గీసింది. అప్పటిదాకా ఆమె ఎవర్నీ ముట్టనివ్వలేదు. నేరేడు మీద పదహారో నంబరు ఒక రకం, అదే నేరేడు మీద రెక్కకు తెల్ల పట్టీ ఉన్న ఇంకో రకం వచ్చింది. ఆ వారం ఆమె చేతికి ఇనపరేకు కోసుకుంది. "ఇది నువ్వు గీయే," అని నాకిచ్చింది. నేను ఆకును అద్దానికి అంటించాను, కాగితం పరిచాను, పిన్నులకు బదులు టేపు వేశాను, పని అయ్యేదాకా కదపలేదు. గీత ఎక్కడా వణకలేదు. ట్రేస్డ్ బై గడిలో ఆర్.కె. అని రాశాను. ఆమె చూసి, "బాగుందే," అని చెక్డ్ బై గడిలో తన అక్షరాలు వేసింది. ఆ రోజు ఇంటికి వెళ్లి మా అమ్మకు చెప్పాను. పెద్ద విషయంగా చెప్పాను.

నిపుణుడు మర్యాదస్తుడు. మా ఆఫీసు పక్క గదిలో కూర్చుని ముప్ఫై ఒక్క షీట్లూ వరసగా చూశాడు. ప్రతి షీటు వెనకా ఒక కవరులో అసలు ఆకు ఎండబెట్టి పెట్టి ఉంటుంది. పదహారూ పదిహేడూ పక్కపక్కన పెట్టి ఆగాడు. కవర్లలోంచి ఆకులు తీసి, భూతద్దం పెట్టి, తిప్పి చూశాడు.

"ఈ రెండూ వేరు రకాలని రాశారు. కానీ రెండు బొమ్మల్లోనూ గీత ఒకలాగే ఉంది," అన్నాడు హిందీలో. "ఆకు చూస్తే నిజంగానే వేరు. పదహారులో పురుగు చివరిదాకా పై తోలు కిందే ఉంది. పదిహేడులో సగం దారిలో కింది తోలుకు దిగిపోయింది. మీ బొమ్మలో అది లేదు."

నాకు అప్పుడు అర్థమైంది. ఆకును అద్దానికి అంటిస్తే వెలుగు రెండు తోళ్లనూ దాటి వస్తుంది. పై గీతా కింది గీతా ఒకేలా కనిపిస్తాయి. ఆకును ఊడదీసి తిప్పి చూస్తేనే తేడా తెలుస్తుంది. పైకి కనిపించేదాన్ని నిండు గీతతోనూ, వెనక దాగినదాన్ని డాటెడ్ లైనుతోనూ గీయాలని మా గదిలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. సలోమి అప్ప గీసిన షీట్లలో కింది తోలు గీతలన్నీ డాటెడ్ లైన్లే. నేను పని మధ్యలో తిప్పకూడదన్న నియమానికి కట్టుబడి, పని అయ్యాక కూడా తిప్పలేదు. రెండు రకాలను ఒకటిగా గీశాను.

"తప్పు నాది," అన్నాను.

"కాదు," అంది ఆమె. ఆయన వైపే చూస్తూ హిందీలో చెప్పింది. "చెక్డ్ బై గడిలో నా పేరుంది. తప్పు నాది."

ఆయన షీట్లన్నీ మళ్లీ కట్టగా పెట్టాడు. ఒక బొమ్మ ఆకును చూసి గీయలేదని తేలాక మిగతా ముప్ఫై ఆకును చూసే గీశారని తను సంతకం పెట్టలేనన్నాడు. అందులో అన్యాయం ఏమీ లేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అనేదాన్ని. సెప్టెంబరు ఆఖరుకు జాబితా అచ్చుకు పోతుంది, ఈలోగా అన్నీ మళ్లీ చేసి పంపగలిగితే చూస్తాను అని అడ్రసు రాసిచ్చి వెళ్లాడు.

వరండాలో నేను ఏడుస్తుంటే ఆమె షీట్ల కట్ట చంకన పెట్టుకుని వచ్చింది.

"అయినాదా? ఏడిసి ఏటి సేస్తావు. నీ తప్పు ఒకటి, నాది రెండు. నాను నీ గీత సూసినాను, ఆకు సూడలేదు. గీత బాగుంది, అందుకే సూడలేదు. రేపట్నించీ తిప్పి సూద్దుం. అన్నీ."

"ముప్ఫై ఒకటీనా అప్పా?"

"మరి కొన్ని సేద్దుమేటి?"

ఆ రాత్రి ఇంటికి వెళ్లి పదిహేడో షీటు చింపేయాలనుకున్నాను. మర్నాడు ఆ మాట చెబితే ఆమె షీటు నా చేతిలోంచి లాక్కుంది. మా ఆఫీసులో షీటు మీద తప్పు దొరికితే బ్లేడుతో ఇంకు గీకి సరిదిద్దడం మామూలే. కానీ షీటు ఒకసారి గది దాటి బయటి మనిషి చూశాక అలా చెయ్యడానికి లేదు. మార్పుల గడిలో ఏ, బీ, సీ అని వరసగా, ఏం మారిందో ఎందుకు మారిందో రాయాలి. ఆమె నాచేత రాయించింది. మార్పు ఏ: సగం నుంచి కింది తోలు గీత. డాటెడ్‌గా మార్చినది. కారణం: ట్రేసింగులో తప్పు. ఆర్.కె. దాని కింద తన అక్షరాలు వేసింది. పాత గీత పక్కనే కొత్త గీత. ఇప్పటికీ ఆ షీటు చూసిన ఎవరికైనా నేనేం చేశానో కనిపిస్తుంది.

ఆ వానాకాలం మూడు నెలలు మేం భోజనాల గంటలో అన్నం తినలేదు. అన్నం ఆఫీసుకు వచ్చే ముందే తినేసేవాళ్లం. ఆదివారాలు ఆమె చర్చి అయ్యాక తెల్లచీరతోనే నిమ్‌పురా వచ్చేది. నేను గొడుగు పట్టుకునేదాన్ని. చర్చి ఆడవాళ్లు, "సలోమమ్మా, దేవుడు చేసినోటికి నువ్వు సర్టిఫికెట్లిస్తన్నావా," అని ఎగతాళి చేసేవాళ్లు. "ఆయన సేసి ఒగ్గేసినాడు. లెక్క ఎవులో రాయాల గదా," అనేది. ప్రతి ఆకునూ ముందు తిప్పి చూశాం, తరవాతే వెలుగుకు పట్టాం. అలా చూసేసరికి ఒకటిగా కనిపించినవి కొన్ని విడిపోయాయి. కానుగ మీద రెండు, రేల మీద ఒకటి, కింది తోలులోనే పుట్టి కింది తోలులోనే పెరిగి, వెలుగులో చూసినప్పుడు పక్కవాటి గీతల్లో కలిసిపోయినవి. వాటిని సీసాల్లో పెట్టి చిమ్మటలు వచ్చేదాకా ఆగాం. రెక్కలు వేరు. లెక్క ముప్ఫై నాలుగు అయింది. నా తప్పు వల్ల మూడు దొరికాయని నేను అంటే ఆమె ఒప్పుకోలేదు. "తప్పు వల్ల కాదు. తిప్పినాం గాబట్టి," అంది.

సెప్టెంబరు ఇరవయ్యో తేదీన అన్ని షీట్ల ప్రింట్లూ రిజిస్టరు పోస్టులో పంపాం. అమ్మోనియాతో తీసినవి, ఆ వాసన ఇంకా పోని ప్రింట్లు. అందినట్టు కార్డు వచ్చింది. పూజ సెలవులయ్యాక చెట్లు నరికారు. రెండు రోజుల పని. డిసెంబరులో జాబితా అచ్చయి ఒక కాపీ మా ఆఫీసుకు వచ్చింది. ఆమె భోజనాల గంటలో నిలబడే చదివింది. పక్షులు పేరుపేరునా ఉన్నాయి. సీతాకోకచిలకలు ఉన్నాయి. చివరి పేజీలో ఒక వరస ఉంది. ఇతర చిన్న చిమ్మటలు: కొన్ని.

పేర్లు లేనివాటిని విడిగా వేసే పద్ధతి లేదని తరవాత ఎవరో చెప్పారు. ఆమె పుస్తకం మూసి, తన బల్ల దగ్గరికి వెళ్లి, ఒక కాగితం తీసుకుని ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసింది. మీ జాబితా చివరి పేజీలో కొన్ని అని ఉంది. కొన్ని కాదు, ముప్ఫై నాలుగు. షీట్లు నా దగ్గర ఉన్నాయి, వచ్చి చూడవచ్చు.

"కొన్ని అంటే ఎంతే?" అని నన్ను అడిగింది. "లెక్కెట్టనోలు సెప్పే మాట అది. లెక్కెట్టినోలం మనం ఉన్నాం గదా."

జవాబు రాలేదు. మరుసటి సంవత్సరం పూజ సెలవుల తరవాత మొదటి పనిరోజున అవే మూడు వాక్యాలు మళ్లీ రాసి పంపింది. ఆ పై ఏడు మళ్లీ. రిటైరయ్యాక కూడా, చేతిలో కర్ర పట్టుకుని పోస్టాఫీసు వరసలో నిలబడి పంపింది. ఒకసారి నాకు విసుగొచ్చింది. "ఎందుకప్పా, ఆ చెట్లే లేవు కదా," అన్నాను.

"సెట్లు నేపోతే లెక్క మారిపోతాదేటి? ఆ రోజుకి ఉన్నాయి గదా. ఇదిగో, ఏటా ఎవులో ఒకలు సంతకం ఎట్టి ఉత్తరం తీసుకుంతన్నారు. ఆ కార్డులు నా కాడ ఉన్నాయి. నమ్మలేదని అనొచ్చు. అందలేదని మాత్రం అననేరు."

ఈలోగా మా గదికి కంప్యూటర్లు వచ్చాయి. బల్లలు తీసేశారు. నన్ను ఫైళ్ల సెక్షనుకు పంపారు. అక్కడే పనిచేసి బయటికొచ్చాను. ఆమె తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. అంత్యక్రియల దగ్గర మాట్లాడినవాళ్లు ఆమెకు ప్రకృతి అంటే ప్రేమనీ, చిన్న ప్రాణుల మీద దయ అనీ అన్నారు. నేను అక్కడ నోరు విప్పలేదు. ఇక్కడ చెబుతాను. ప్రేమ కాదు. ఆమె బొద్దింకను చెప్పుతో కొట్టేది. దయ కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయకపోతే ఆమెకు ఒళ్లు మండేది, అంతే. దాన్ని మెత్తటి మాటలు వేసి కప్పితే, అది కూడా కొన్ని అని రాయడమే అవుతుంది. షీట్ల పెట్టె మీద నా పేరు ముందే రాసి పెట్టింది, ఆర్.కె. అని. అందులో ముప్ఫై నాలుగు షీట్లు, అందినట్టు వచ్చిన కార్డులు ఒక దారానికి గుచ్చి.

ఉత్తరం ఇప్పుడు నేను పంపుతున్నాను. పోయినేడు పంపాను, ఈ ఏడూ పంపాను. రిజిస్టరు పోస్టు బదులు స్పీడ్ పోస్టు. వాక్యాలు అవే, నాలుగోది ఒకటి కలిపాను. ఆ ముప్ఫై నాలుగులో పంతొమ్మిది నేను తరవాత మలంచాలో, ప్రేమ్ బజార్ పక్కన మళ్లీ చూశాను. మిగతా పదిహేనూ ఇంకా చూడలేదు. లేవని మాత్రం నేను రాయను. కిందటేడు ఆ జాబితా కార్యాలయం నుంచి ఒక కుర్ర ఉద్యోగి ఫోను చేశాడు. షీట్లు ఫొటోలు తీసి కంప్యూటర్లో పెడతాం, మార్పులున్న పదిహేడో షీటు ఒక్కటి పక్కన పెడితే చూడ్డానికి బాగుంటుంది ఆంటీ, అన్నాడు. పదిహేడుతో కలిపి ముప్ఫై నాలుగూ పెట్టండి, లేకపోతే ఏదీ వద్దన్నాను. పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. పెట్టె మంచం కింద ఉంది. నేను ఎక్కడికీ పోవడం లేదు.

నిన్న సాయంత్రం పక్కింటాయన మందు డబ్బాతో బయటికి వచ్చినప్పుడు గోడ దగ్గరికి వెళ్లాను. ఈ గీతలు లేతాకుల మీదే పడతాయి, చెట్టు చావదు అని చెప్పాను. ఆయన నవ్వి, "కొన్ని పురుగులే కదా దీదీ, పోతే పోనివ్వండి," అన్నాడు. చెట్టు ఆయనది. మందు కొట్టాడు. నేను పొద్దున తీసుకున్న ఆకు హోమియో సీసాలో ఉంది. మూతికి కట్టింది ఆమె ఉతికి ఇచ్చిన గుడ్డే. దాని నుంచి చిమ్మట వస్తే చారలు చూసి, మా పాత నిమ్మ షీటుతో పోల్చి, తేడా ఉంటే ముప్ఫై అయిదో షీటు వేస్తాను. ట్రేస్డ్ బై గడిలో ఆర్.కె. అని రాస్తాను. చెక్డ్ బై గడి ఖాళీగా ఉంచుతాను. సరిచూడడానికి ఆమె లేదు, అందుకే ప్రతి ఆకూ రెండుసార్లు తిప్పుతున్నాను.

ఈ మధ్య పాత ఆఫీసుకు పెన్షను కాగితం పని మీద వెళ్లినప్పుడు గోడ మీద ఒక కొత్త డ్రాయింగు చూశాను. కుడివైపు కింద మూలన గళ్లు లెక్కపెట్టాను. ట్రేస్డ్ బై అనే గడి ఇప్పుడు వేయడం లేదు.